పసిఫిక్‌ మీద పల్లెవెలుగు: ఐలండ్ హాపర్ 154, 155 విమానం దేశాల లెక్కకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రపంచంలోని దేశాలన్నీ చూడాలని బయల్దేరినవాళ్ల పటంలో యూరప్ తొందరగా నిండిపోతుంది. ఆఫ్రికా కూడా కష్టపడితే నిండుతుంది. ఏళ్లు గడిచినా ఖాళీగా మిగిలేది పసిఫిక్ మహాసముద్రమే. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 193. వాటిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లను పక్కన పెట్టినా ఆ నీళ్లలో ఇంకా 12 దేశాలున్నాయి. విమానాలు ఒక్కరోజూ ఎక్కకుండా అన్ని దేశాలూ తిరిగిన డెన్మార్క్ యాత్రికుడు తోర్ పెడర్సన్ 2013 అక్టోబరులో బయల్దేరి, 2023 మేలో మాల్దీవుల్లో ముగించాడు. కరోనా వల్ల హాంకాంగ్‌లో రెండేళ్లు ఇరుక్కుపోయినప్పుడు అతనికి మిగిలిన తొమ్మిది దేశాల్లో ఎక్కువ పసిఫిక్ వైపువే.

అక్కడి దేశాల్లో రెండింటిని, అంటే మైక్రోనీషియానూ మార్షల్ దీవులనూ, ఒకే దారిలో కలిపే సర్వీసు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ నడిపే 154, 155. అందరూ ఐలండ్ హాపర్ అంటారు. మనవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే ఇది సముద్రం మీద పల్లెవెలుగు బస్సు. దారిలో ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, సామాను దించుతుంది, మనుషుల్ని ఎక్కించుకుంటుంది, మళ్లీ కదులుతుంది. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: మధ్యలో రెండుచోట్ల దిగి రాత్రుళ్లు ఉండేలా టికెట్ తీసుకుంటే ఇది అద్భుతమైన సర్వీసు. ఎక్కడా దిగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు కూర్చునే వెళ్తే మిగిలేది నడుంనొప్పి, కొన్ని కిటికీ ఫొటోలు.

దారి ఇదీ. 155 గువామ్ ద్వీపంలో పొద్దున్నే బయల్దేరి చూక్, పోన్‌పే, కొస్రే, క్వాజలిన్, మజురోల్లో ఆగి హవాయిలోని హొనొలులు చేరుతుంది. 154 అదే దారిలో వెనక్కి వస్తుంది. చూక్, పోన్‌పే, కొస్రే మైక్రోనీషియావి. క్వాజలిన్, మజురో మార్షల్ దీవులవి. మొత్తం దూరం దాదాపు 7,000 కిలోమీటర్లు. అందులో సగానికిపైగా, సుమారు 3,650 కిలోమీటర్లు, మజురో–హొనొలులు మధ్యే ఉంటుంది. దానికి ఐదు గంటలు పడుతుంది. మిగతా ముక్కలన్నీ గంట నుంచి గంటా ముప్పావు మధ్యలో ఉంటాయి. మజురో–క్వాజలిన్ అన్నిటికన్నా చిన్నది, సుమారు 430 కిలోమీటర్లు. ఒక్కో మజిలీలో 40 నిమిషాల నుంచి గంట ఆగుతుంది కాబట్టి మొత్తం 14, 15 గంటలు అవుతుంది. వారంలో రెండు మూడు రోజులే నడుస్తుంది. కొన్ని రోజుల్లో కొస్రేలో ఆగదు. తేదీలు వేసుకునే ముందు ఆ నెల టైంటేబుల్ చూసుకోవాలి, పాతది నమ్ముకోకూడదు.

ఈ దారి 1968లో ఎయిర్ మైక్రోనీషియా పేరుతో బోయింగ్ 727లతో మొదలైంది. ఇప్పుడు తిరిగేది బోయింగ్ 737. పెద్ద విమానం పెట్టొచ్చు కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. జవాబు రన్‌వేలో ఉంది. చూక్ రన్‌వే పొడవు సుమారు 1,830 మీటర్లు, మన శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. చక్రాలు నేలను తాకగానే గట్టిగా బ్రేకు పడుతుంది, ఒళ్లంతా ముందుకు తూలుతుంది. అది మామూలే, కంగారు పడక్కర్లేదు. బెల్టు మాత్రం బిగించే ఉంచుకోవాలి. 2018 సెప్టెంబరు 28న మరో సంస్థకు చెందిన 737 ఇదే చూక్‌లో రన్‌వేకు కాస్త ముందే లగూన్‌లో, అంటే పగడపు దిబ్బలు చుట్టుకున్న సముద్రపు నీళ్లలో, దిగిపోయింది. అందులో ఉన్న 47 మందిలో ఒకరు చనిపోయారు, మిగతావాళ్లు బతికి బయటపడ్డారు. ఆ రన్‌వేల మీద పైలట్లు ఎంత జాగ్రత్తగా దింపుతారో, వాన ఎక్కువైతే ఎందుకు గాల్లోనే చుట్లు కొడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి, దేశం లెక్కలోకి ఎప్పుడు వస్తుంది? దీనికి అందరూ ఒప్పుకునే ఒక్క నియమం లేదు. 1954లో లాస్‌ఏంజిలిస్‌లో పుట్టిన ట్రావెలర్స్ సెంచరీ క్లబ్ జాబితాలో 330 పేర్లున్నాయి, 100 పూర్తిచేస్తే సభ్యత్వం ఇస్తారు. విమానం ఇంధనం కోసం ఆగినా వాళ్లకు చాలు. హవాయి, గువామ్ కూడా వాళ్ల జాబితాలో వేరువేరు పేర్లు కాబట్టి, హాపర్ మొత్తం ఒక్కసారి చేస్తే నాలుగు పేర్లకు టిక్కు పడుతుంది. అదే తోర్ పెడర్సన్ తనకు పెట్టుకున్న నియమం ఒక్కో దేశంలో కనీసం 24 గంటలు. మా మొగ్గు రెండోవైపే. ఇమిగ్రేషన్ దాటాలి, ఒక రాత్రి పడుకోవాలి, అక్కడివాళ్లు వండింది తినాలి. ట్రాన్సిట్ గదిలో కుర్చీ మీద 40 నిమిషాలు కూర్చుని పోన్‌పే చూశామని రాసుకుంటే ఆ గీతకు బరువుండదు. టిక్కు మీదే ఎవరైనా తృప్తిపడితే అది వాళ్లిష్టం. కానీ అంత దూరం వెళ్లినవాళ్లు మళ్లీ వెళ్లే అవకాశం చాలా తక్కువని గుర్తుంచుకోవాలి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మొదటి గోడ ద్వీపాలు కాదు, అమెరికా. గువామ్, హొనొలులు రెండూ అమెరికా భూభాగాలే. అమెరికాలో వీసా లేకుండా ట్రాన్సిట్ అన్నది లేదు. గువామ్‌కు కొన్ని దేశాలవాళ్లకు విడిగా వీసా మినహాయింపు ఉంది కానీ ఆ జాబితాలో భారత్ లేదు. కాబట్టి ముందు అమెరికా వీసా ఉండాలి. ట్రాన్సిట్ వీసా సి1తో పని జరుగుతుంది కానీ, ఈ ప్రయాణంలో అమెరికా గడప రెండుసార్లు తొక్కాలి, మధ్యలో రోజుల తరబడి వేరే దేశాల్లో ఉండాలి. పదేళ్ల బి1/బి2 సందర్శక వీసా ఉంటే నిశ్చింత. తెలుగువాళ్లకు ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే. అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడమే ఈ యాత్రలో అన్నిటికన్నా పొడవైన దశ. టికెట్ల ధరలు చూడటానికి ముందే దాని మీద కూర్చోవాలి.

మైక్రోనీషియా ఏ దేశం వాళ్లకైనా 30 రోజుల వరకు వీసా అడగదు. మార్షల్ దీవుల విషయంలో మజురో ఇమిగ్రేషన్‌కు మెయిల్ రాసి, వచ్చిన జవాబు కాగితం మీద అచ్చువేసి దగ్గర పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి చూసేది మీ ముఖం కాదు, టిమాటిక్ అనే విమాన సంస్థల డేటాబేస్. అందులో మీ దేశం పేరు పక్కన ఏం రాసి ఉంటే అదే శాసనం. ముందుకు వెళ్లే టికెట్, హోటల్ బుకింగ్, ఆరునెలలకు తక్కువ కాని పాస్‌పోర్టు గడువు, ఈ మూడూ అడక్కముందే బల్ల మీద పెడితే పని తొందరగా అవుతుంది.

టికెట్ కొనడంలో చాలామంది జారిపడేచోటు ఒకటుంది. గువామ్–హొనొలులు అని వెతికితే ముందు కనిపించేది ఎక్కడా ఆగని విమానం. ఐదు మజిలీలున్నది కిందెక్కడో ఉంటుంది, కొన్ని వెబ్‌సైట్లలో అసలు కనిపించదు. తీరా దాన్ని కొన్నా మధ్యలో దిగే హక్కు రాదు. పోన్‌పేలో దిగిపోతే తర్వాతి టికెట్ మొత్తం రద్దవుతుంది. అందుకే మల్టీ-సిటీలో గువామ్–పోన్‌పే, పోన్‌పే–మజురో, మజురో–హొనొలులు అని మూడు ముక్కలుగా, మూడు తేదీలతో, ఒకే బుకింగ్‌లో తీసుకోవాలి. ఒకే బుకింగ్ ఎందుకంటే, ఒక ముక్క రద్దయితే మిగతావాటిని సంస్థే సర్దాలి. విడివిడిగా కొంటే ఆ భారం మీదే. ముక్కకో టికెట్‌గా లెక్కేస్తే ధర గుండె గుభేల్‌మనిపిస్తుంది. పోటీ చాలా తక్కువున్న దారి, అంతే. గువామ్‌కు మన వైపునుంచి మనీలా లేదా టోక్యో నరితా మీదుగా చేరడం వీలు.

గువామ్ కౌంటర్లో పెట్టె వేసేటప్పుడు ట్యాగ్ మీది మూడక్షరాలు చదవండి. పోన్‌పేకు పి.ఎన్.ఐ., మజురోకు ఎం.ఎ.జె. ఒకే బుకింగ్ కావడంవల్ల ఒక్కోసారి ట్యాగ్ చివరి ఊరికి పడిపోతుంది. అది గమనించకపోతే మీరు పోన్‌పేలో, మీ బట్టలు హొనొలులులో. మరో విమానం వచ్చేదాకా రెండు మూడు రోజులు. కనీసం రెండు జతల బట్టలు, మందులు, ఛార్జర్ చేతిసంచీలోనే ఉంచుకోవాలి.

విమానం లోపల విశేషాలు రెండు. ఒకటి, సిబ్బందితోపాటు మెకానిక్ కూడా విడిభాగాలతో ప్రయాణిస్తాడు. మధ్య ద్వీపాల్లో మరమ్మతు కేంద్రం లేదు కాబట్టి చిన్న లోపం వస్తే అక్కడికక్కడే సరిచేయాలి. విమానంలో లేని భాగం అవసరమైతే అది గువామ్ నుంచో హొనొలులు నుంచో రావాలి, అప్పటిదాకా అందరూ ద్వీపం మీదే. రెండు, ప్రతి మజిలీలోనూ భద్రతా తనిఖీ. దిగి ట్రాన్సిట్ గదికి వెళ్లేవాళ్లు సంచులన్నీ వెంట తీసుకెళ్లాలి. దిగనివాళ్లను ఒకవైపు సీట్లలోకి జరగమని, రెండోవైపు సీటు దిండ్లు ఎత్తి, పైన అరల్లో ఏ సంచి ఎవరిదో అడిగి చూస్తారు. తర్వాత ఇటువైపు. రోజంతా ఇదే తంతు. అందుకే పెద్ద సంచి పై అరలో పెట్టుకుని ప్రతిసారీ దించుకోవడంకన్నా కాళ్ల దగ్గర పట్టే చిన్నది మేలు.

క్వాజలిన్ వేరే కథ. అది అమెరికా సైన్యం క్షిపణి పరీక్షల స్థావరం. అనుమతి పత్రాలున్నవాళ్లు తప్ప ఎవరూ దిగకూడదు, కిటికీలోంచి ఫొటో తీయడం కూడా నిషేధం. ఫోను జేబులో పెట్టేయండి. అక్కడ దిగే మార్షలీస్ కుటుంబాలు చాలావరకు పడవెక్కి పక్కనున్న ఎబై ద్వీపానికి వెళ్తాయి. స్థావరంలో పనిచేసే మార్షలీస్ జనం ఇళ్లు అక్కడే. ఇదే క్వాజలిన్ 1993 ఆగస్టులో అంతర్జాతీయ తేదీ రేఖకు (దాటితే క్యాలెండర్ ఒక రోజు మారే గీత) అటువైపునుంచి ఇటువైపుకు మారింది. ఆ ఏడాది వాళ్ల క్యాలెండర్లో ఆగస్టు 21 లేదు.

తిండి విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. చిన్న ముక్కల్లో తాగడానికి ఏదో ఇచ్చి, చిరుతిండి పొట్లం చేతిలో పెడతారు. శాకాహారులైతే రోజంతటికీ సరిపడా పులిహోర, చెగోడీలు వెంట ఉండాల్సిందే. అయితే గువామ్, హొనొలులుల్లో వ్యవసాయ తనిఖీ గట్టిగా ఉంటుంది. పళ్లు, మాంసం, పచ్చి కరివేపాకు కట్ట ఏదీ దాటనివ్వరు. మిగిలింది విమానంలోనే తినేయాలి, లేదా ఫారంలో రాసి చూపించాలి.

ఎక్కడ దిగాలి? ఎంచుకోవాల్సి వస్తే మైక్రోనీషియాలో పోన్‌పే, మార్షల్ దీవుల్లో మజురో. పోన్‌పేకు మూడు రాత్రులు ఇవ్వండి. ఒక రోజు వానకు పోతుంది. భూమ్మీద బాగా వానలు పడే చోట్లలో అదొకటి, తీరంలోనే ఏడాదికి నాలుగున్నర మీటర్లు దాటుతుంది. అక్కడ నాన్ మడోల్ చూడటానికే అంత దూరం వెళ్లొచ్చు. లగూన్‌లో పగడపు దిబ్బల మీద, నల్లటి బసాల్ట్ రాతి స్తంభాలను దుంగల్లా అడ్డంగా, నిలువుగా పేర్చి కట్టిన దాదాపు వంద చిన్న ద్వీపాల పాతకాలపు రాజధాని అది. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, అదే ఏడాది ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ పెట్టారు. మడ చెట్ల వేళ్లు రాళ్ల మధ్యకు దూరి గోడల్ని నెట్టేస్తున్నాయి. పడవలో వెళ్లాలంటే పోటు సమయం కావాలి, నీళ్లలో నడిచి వెళ్లాలంటే ఆటు సమయం కావాలి. తారుమారైతే పడవ అడుగు పగడాలకు తగులుతుంది, లేదా నడుములోతు నీళ్లలో కెమెరా నెత్తిన పెట్టుకోవాలి. ముందురోజే హోటల్లో ఆటుపోట్ల పట్టిక అడిగి, దాన్నిబట్టి బండి మాట్లాడుకోండి. దారిలో భూమి యజమానులు కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. చిల్లర డాలర్లు ఉంచుకుని మారుమాట లేకుండా ఇవ్వాలి, అది వాళ్ల నేల.

మజురోకు రెండు రాత్రులు చాలు. దిగేటప్పుడు ఏ కిటికీ అయినా ఒకటే. ఒకవైపు మహాసముద్రం, ఇంకోవైపు లగూన్, మధ్యలో రన్‌వే పట్టేంత నేల. ఊరంతా ఒకే రోడ్డు, చివరనున్న లారా దాకా దాదాపు 50 కిలోమీటర్లు. టాక్సీలు మన షేర్ ఆటోల్లాగే, చెయ్యెత్తితే ఆగి ఎక్కించుకుంటాయి. సముద్రమట్టంనుంచి ఆ నేల ఎత్తు చాలాచోట్ల రెండు మీటర్లు కూడా ఉండదు. అలలు రోడ్డు మీదికి వచ్చిన రోజుల గురించి ఎవర్ని అడిగినా చెప్తారు. 1946 నుంచి 1958 వరకు ఆ దేశపు నేల మీద అమెరికా 67 అణుపరీక్షలు చేసింది. ఆ గాయం తెలుసుకోకుండా బీచ్ ఫొటోతో వెనక్కి రావడం తగదు.

సముద్రం అడుగున మునిగిన ఓడలు చూసే డైవర్లకైతే చూక్. 1944 ఫిబ్రవరి దాడుల్లో మునిగిన జపాన్ ఓడలు లగూన్‌లో ఉన్నాయి. డైవింగ్ రానివాళ్లకు అక్కడ పెద్దగా పని లేదు. కొస్రే ప్రశాంతమైన ఊరు, ఆదివారం మాత్రం పూర్తిగా మూత. రెండు దేశాల్లోనూ చెల్లేది అమెరికా డాలరే. తిరిగి బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో రుసుము అడిగితే ఇవ్వడానికి 20 డాలర్ల నోట్లు కొన్ని విడిగా ఉంచుకోండి, కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఏది తప్పు జరిగినా దాని మూలం ఒక్కటే: మళ్లీ విమానం రేపు లేదు. రద్దయితే రెండు మూడు రోజులు ఆగాలి, ఆ తర్వాతిది నిండిపోయి ఉంటే ఇంకా ఎక్కువ. హొనొలులు నుంచి ముందుకు వెళ్లే టికెట్‌కూ దీనికీ మధ్య కనీసం రెండు రోజుల ఎడం పెట్టుకోవాలి. అమెరికా వీసా లేనివాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. నౌరూ ఎయిర్‌లైన్స్ బ్రిస్బేన్ నుంచి నౌరూ, తరావా మీదుగా ఈ వైపు దేశాలకు విమానాలు నడుపుతుంది. దాంతో నౌరూ, కిరిబాటి కూడా లెక్కలో చేరతాయి. కానీ దానికి ఆస్ట్రేలియా వీసా, నౌరూ వీసా కావాలి, సర్వీసులు ఇంకా పలచగా ఉంటాయి. పలావ్ మిగిలి ఉంటే గువామ్ నుంచే విడిగా వెళ్లి రావచ్చు. అక్కడ దిగగానే పర్యావరణాన్ని కాపాడతామని పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా ముద్ర వేసి సంతకం చేయిస్తారు, ఖాళీ పేజీ ఉంచుకోండి.

ఒక మనవి. ఇది యాత్రికుల కోసం పెట్టిన విమానం కాదు. అమెరికాతో ఉన్న ఒప్పందం వల్ల ఆ ద్వీపాల జనం వీసా లేకుండా వెళ్లి అక్కడ పనిచేసుకోవచ్చు. పక్క సీట్లో కూర్చునేది ఆసుపత్రికి వెళ్తున్న పెద్దావిడ కావచ్చు, అర్కాన్సాలోని కొడుకు ఇంటికి పోతున్న తండ్రి కావచ్చు. పెట్టెల బెల్టు మీద సూట్‌కేసులకన్నా టేపు చుట్టిన ఐస్ డబ్బాలు, అట్టపెట్టెలే ఎక్కువ కనిపిస్తాయి. వాళ్ల ఫొటో తీయాలంటే అడగాలి. సీటు మారమంటే మారాలి.

చివరిగా తేదీల సంగతి, హోటల్ డబ్బులు ఎక్కువగా పోయేది దీనివల్లే. మజురో నుంచి సోమవారం సాయంత్రం 155 ఎక్కితే తేదీ రేఖ దాటి హొనొలులులో అదే సోమవారం తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో దిగుతారు. ఎక్కిన సమయానికన్నా ముందే చేరినట్టు టికెట్ మీద ఉంటుంది. గది ఆదివారం రాత్రికి బుక్ చేసుకుంటేనే ఆ వేళ తాళంచెవి చేతికొస్తుంది. సోమవారానికి చేస్తే మధ్యాహ్నం దాకా లాబీలో పెట్టెలతో కూర్చోవాలి. 154లో దీనికి తిరగేసి చూడాలి: హొనొలులులో సోమవారం పొద్దున్న ఎక్కితే మజురోలో మంగళవారం. అక్కడి గది మంగళవారం నుంచే తీసుకోండి, బుకింగ్ కింద మీరు ఎక్కే విమానం నంబరు కూడా రాయండి.